ఎడమ చేతి లెక్క

భూమవ్వ రొట్టె తినేది కాదు, మింగేది. ఆ సంగతి ఆమెకు నలభై ఏళ్లు దాటాక, గంగుబాయి చెబితే గాని తెలియలేదు.

ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడాది పత్తి కాలం అది. ఆదిలాబాద్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన బండ్లు తెల్లవారేసరికి మిల్లు గేటు ముందు బారు తీరి ఉండేవి. జిన్నింగ్ షెడ్డులో రెండు వరుసలుగా ఇరవై నాలుగు మిషన్లు. ఒక్కో మిషను వెనుక ఎత్తుపీట మీద ఒక ఆడమనిషి. పక్కనున్న కుప్పలోంచి పత్తి తీసి మిషను నోట్లో పెట్టడం వాళ్ల పని. లోపల తోలు చుట్టిన రోలరు దూదిని పట్టి లాగుతుంది, కత్తి గింజను కొట్టి కిందికి రాలుస్తుంది. పిడికెడు పెట్టి, అది లోపలికి పోయేదాకా ఆగి, ఇంకో పిడికెడు పెట్టాలి. ఎక్కువ కుక్కితే మిషను గొంతుకు అడ్డం పడుతుంది. అప్పుడు రోలరు తిరగలేక వేడెక్కి, తోలు మాడిపోతుంది. ఏడో నంబరు మిషను భూమవ్వది. పదకొండు పత్తి కాలాల్లో దానికి ఒక్కసారి కూడా గొంతుకు అడ్డం పడలేదు.

పన్నెండున్నరకు గేటు దగ్గర వేలాడే రైలు పట్టా ముక్క మీద, కూలీల మీద పెత్తనం చేసే ముకద్దం దశరథం ఇనుప కడ్డీతో మూడు దెబ్బలు కొడితే తిండి వేళ. మళ్లీ మూడు కొడితే పని వేళ. రెంటికీ నడుమ పావుగంట. తల మీది దూది దులుపుకోవడం, కుండీ దగ్గర వరుసలో నిలబడి చేతులు కడుక్కోవడం, చెంబులో నీళ్లు పట్టుకోవడం అన్నీ అందులోనే. పొద్దున నాలుగింటికి కాల్చిన జొన్నరొట్టె ఆ వేళకు చెప్పు అడుగులా బిగుసుకుపోయి ఉండేది. భూమవ్వ దాన్ని తుంచి, పచ్చిమిరప కారంలో అద్ది, రెండు కొరుకులు కొరికి చెంబెత్తేది. నీళ్లే రొట్టెను లోపలికి తోసేవి.

నాలుగింటికి మంట మొదలయ్యేది. గుండె కింద నిప్పు కణిక పెట్టినట్టుండేది. కుడిచేయి పత్తి పెడుతుంటే ఎడమచేయి పిడికిలి బిగించి అక్కడ అదుముకునేది. పులితేన్పు గొంతు దాకా వచ్చి వెనక్కి పోయేది.

ఆ రోజు మిషన్ల కింద రాలిన గింజలు ఊడుస్తున్న గంగుబాయి చీపురు ఆపింది. మహారాష్ట్ర పక్క నుంచి ఎప్పుడో వచ్చి ఈ మిల్లులోనే ముసలిదైపోయిన మనిషి. అందరికీ ఆజీయే, ఆమె భాషలో అవ్వ.

"ఏమయింది బాయి? రోజు గీ యాళకు కడుపు వట్టుకుంటవ్."

"మంట ఆజీ. దవఖానల తెల్లమందు ఇచ్చిండ్రు. తాగినంతసేపు సల్లగుంటది, మల్ల అదే."

"మందేం జేస్తది. నువ్వు రొట్టె తింటలేవ్. బాయిల రాయి ఏసినట్టు ఏస్తున్నవ్." ముసలామె దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "దేవుడు ముప్పై రెండు పండ్లు ఇచ్చిండు. ఒక్కో బుక్కను పంటికొకసారి నమలాలె. సావ్‌కాష్, నిదానంగ. రొట్టె నోట్లెనే పాలయితది, అప్పుడు మింగు. నడుమల నీళ్లు తాగకు. తిన్నంక చిటికెడు వాము, జరంత నల్లుప్పు. గంతే."

బయటి నుంచి గంపతో పత్తి మోసుకొచ్చి కుప్ప పోస్తున్న నర్మద పకపకా నవ్వింది. పెళ్లయి రెండేళ్లు కూడా కాని పిల్ల. ఎప్పటికైనా గంప దించి మిషను పీట ఎక్కాలని దాని ఆశ.

"నోట్లె ఒక్క పన్ను లేదు, ముప్పై రెండు పండ్ల ముచ్చట చెప్తున్నది ముసల్ది."

"లెవ్వు గనుకనే చెప్తున్న పోరీ," అంది గంగుబాయి, కోపం లేకుండా. "నా పండ్లు పనికి పెట్టకముందే పోయినయ్. ముప్పై ఏండ్లు గీడనే మింగిన. ఇప్పుడు రొట్టెను రోట్లె దంచుకొని తింటున్న. నీ రోలు నోట్లె ఉన్నప్పుడే దంచుకో."

ఆ పొద్దు ఇంట్లో దీపం పెట్టి, మగడు ముత్తయ్యకు పెట్టి, తానూ కూర్చుని భూమవ్వ మొదటి బుక్క నోట్లో వేసుకుంది. నమలడమూ లెక్కపెట్టడమూ ఒకేసారి కుదరలేదు. తొమ్మిది దగ్గర తప్పింది, మళ్లీ పదకొండు దగ్గర. కాసేపు ఆలోచించి ఎడమచేయి తొడ మీద పరుచుకుంది. నాలుగు వేళ్లు. ఒక్కో వేలికి మూడు గణుపులు, కొసతో కలిపితే నాలుగు. మొత్తం పదహారు. బొటనవేలిని చూపుడువేలి మొదలు నుంచి చిటికెనవేలి కొస దాకా ఒకసారి నడిపించి, మళ్లీ మొదటికొచ్చి ఇంకోసారి నడిపిస్తే ముప్పై రెండు.

ముత్తయ్య చాలాసేపు చూశాడు. "ఏందే, బర్రె నెమరేసినట్టు?"

ఆమె పలకలేదు. వేలు నడుస్తూనే ఉంది.

"ఉప్పు లేదు కూరల."

పలకలేదు.

"గా ముసలమ్మ మందేదో మంచిగనే ఉన్నది. ఇంట్ల నోరు బందయింది," అన్నాడతను.

భూమవ్వకు నవ్వొచ్చి లెక్క తప్పింది. మళ్లీ మొదటి నుంచి పెట్టింది. ఇరవై దాటాక నోట్లో ఏదో మారింది. జొన్నరొట్టె తియ్యగా ఉంది. బుద్ధెరిగినప్పటి నుంచి తింటున్న రొట్టె తియ్యగా ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. రెండు రొట్టెలు తిని, వాము నలిపి నోట్లో వేసుకుని పడుకుంటే తెల్లవారేదాకా మంట మాటే లేదు.

మరునాడు మిల్లులో తొమ్మిదో బుక్క నోట్లో ఉండగానే పట్టా మోగింది. రొట్టెన్నర మిగిలిపోయింది. గుడ్డలో కట్టి పీట ఎక్కింది. నాలుగింటికి మంట రాలేదు, ఆకలి వచ్చింది. ఆ పై రోజూ అంతే. నమిలితే కడుపు నిండదు, నింపితే నమలడం కుదరదు. రెండు రోజులు ఆమె ఆ రెంటి నడుమ నలిగింది.

మూడో రోజు పట్టా మోగినప్పుడు అందరూ లేచారు. భూమవ్వ లేవలేదు.

దశరథం కడ్డీ చేతిలోనే పట్టుకుని వచ్చాడు. అతనిది ఇంకో తీరు తిండి. పట్టా పక్కనే నిలబడి, ఒక కన్ను ఆఫీసు గడియారం మీద ఉంచి, డబ్బాలోది నాలుగు బుక్కల్లో లోపల పారేసుకునేవాడు. తర్వాత పొద్దుగూకేదాకా తేన్పులే. షెడ్డు చప్పుడులో కూడా అతను ఏ మూలనున్నాడో తేన్పును బట్టి చెప్పొచ్చునని ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు.

"గంట ఇనవడలేదానే భూమవ్వా?"

నోట్లోది ఆమె గబుక్కున మింగింది. "ఇనవడ్డది. ఇంక నాలుగు బుక్కలున్నయ్."

"పెండ్లి బువ్వకొచ్చినవా? అందరు తినలేదా? నీదొక్కదానిదేనా నోరు?"

"అందరు మింగిన్రు సాబ్. నేను తింటున్న."

దశరథం చుట్టూ చూశాడు. పీటలెక్కుతున్న ఆడవాళ్లు ఆగి వింటున్నారు. అతను గొంతు పెంచాడు. "ఏయ్ నర్మదా, గంప దించు. ఏడో నంబరు మీద కూసో." మళ్లీ భూమవ్వ వైపు తిరిగాడు. "రేపు గంట కొట్టినప్పుడు పీట మీద లేకుంటె ఆ మిషను గా పిల్లదే. నువ్వు గంగుబాయి తోటి చీపురు వట్టు."

చీపురు కూలి మిషను కూలిలో సగం. ఆ మాట ఎవరూ చెప్పనక్కర లేదు. భూమవ్వ మిగిలిన రొట్టె మూట కట్టబోయింది. కట్టలేదు. ఇంకో బుక్క తుంచింది.

అది ఇంకా నోట్లో ఉండగానే షెడ్డులోంచి మాడిన తోలు వాసన వచ్చింది.

భూమవ్వ మూట అక్కడే పడేసి పరుగెత్తింది. నర్మద రెండు చేతులతో పత్తి తోస్తూనే ఉంది. తన చేయి చురుకని చూపించుకోవాలని ఉబలాటం. మిషను మూలుగుతోంది, కత్తి కదలడం లేదు. భూమవ్వ పిడి లాగి బెల్టును ఖాళీ చక్రం మీదికి తోసింది. మిషను ఆగింది. ఇనుప కొక్కెం తీసుకుని రోలరుకూ కత్తికీ నడుమ ఇరుక్కున్న పత్తిని కొంచెం కొంచెంగా బయటికి లాగింది. అది గోధుమరంగుకు తిరిగి, ముద్దలా బిగిసి ఉంది. రోలరు తోలు ఒక పక్క జానెడు మేర నల్లబడింది.

"పిడికెడు పిడికెడే పెట్టాలె అని చెప్పలే?" దశరథం నర్మద మీద విరుచుకుపడ్డాడు. "దాని నోట్లెది లోపలికి పోయినంక ఇంకో పిడికెడు. కుక్కితె తోలు కాలుతదని ఎన్నిసార్లు చెప్పాలె మీకు?"

నర్మద కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భూమవ్వ చేతిలోని నల్లబడిన ముద్దను చూస్తూ నిలబడింది. ఎందుకో దాన్ని పారేయలేదు, పీట మీద పెట్టింది.

ఒంటిగంట దాటాక ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది.

మిల్లు దొర జనార్దన్‌రావు బల్ల మీద తెల్లగుడ్డ పరుచుకుని భోజనం చేస్తున్నాడు. పక్కన నాలుగు గిన్నెల క్యారియరు, వేడినీళ్ల ఫ్లాస్కు. భూమవ్వ గడపలో నిలబడి దండం పెట్టింది. దొర చూశాడు. నోట్లో బుక్క ఉంది. మాట్లాడకుండా ఎడమచేతి చూపుడువేలు పైకెత్తాడు. ఆగు, అని.

ఆమె ఆగింది. దొర నములుతున్నాడు. దించిన ఎడమచేయి బల్ల అంచు మీద ఉంది. దాని బొటనవేలు చూపుడువేలి మొదట్లోంచి కదిలి మెల్లగా పైకి పోతోంది.

భూమవ్వ కళ్లు ఆ వేలి మీద నిలిచిపోయాయి. చిటికెనవేలి కొస దాకా పోయింది. మళ్లీ మొదటికొచ్చింది. రెండో పదహారు కాగానే దొర గొంతు కదిలింది. అతను నీళ్లు తాగలేదు. ఇంకో బుక్క కలిపాడు. మళ్లీ వేలు పైకెత్తాడు. గోడ గడియారంలో పెద్దముల్లు పక్క అంకె దాటి, ఇంకో అంకె దాటింది. పెరుగన్నం అయ్యేసరికి సగం చుట్టు తిరిగింది. అంతసేపూ ఆమె నిలబడే ఉంది.

దొర చేయి కడుక్కుని తుడుచుకున్నాడు. "మిషను ఎందుకు ఇడిచిపెట్టినవ్?"

"తింటున్న దొరా."

"గంటయినంక గూడనా?"

"కడుపుల మంట దొరా. మంచిగ నమిలి తినుమన్నరు."

దొర ముఖం వెలిగింది. తన ఊరి మనిషి కనబడినట్టు ముందుకు వంగాడు. "ఎవరు చెప్పిండ్రో గని మంచి మాట చెప్పిండ్రు. నేను గూడ రెండేండ్లు గిదే మంటతోని పరేషాన్ అయిన. నాగ్‌పూర్ పోతె డాక్టరు గోలీలన్ని బంద్ వెట్టుమన్నడు. కడుపుల పండ్లు లెవ్వు, నోట్లె పని నోట్లెనే కావాలె అన్నడు. ఒక్కో బుక్క ముప్పై రెండుసార్లు. జల్ది జల్ది తినుడే అన్ని రోగాలకు మొదలు." సొరుగు లాగి ఒక పొట్లం తీశాడు. "చూర్ణం. శొంఠి, ఇంగువ, జీలకర్ర అన్ని ఉన్నయ్. వేన్నీళ్లల్ల ఏసుకో."

భూమవ్వ కొంగు పట్టి పొట్లం అందుకుంది.

"నమిలి తిను. నేను వద్దంట లేను. గాని గంటకు మాత్రం పీట మీద ఉండాలె. ఇయ్యాల తోలు కాలింది. రేపటి సంది గిట్ల కావద్దు."

ఆమె కదల్లేదు. "ఎట్ల దొరా?"

"ఏంది ఎట్ల?"

"పావుగంటల గది ఎట్లయితది?"

దొర కిటికీలోంచి గేటు వైపు చూశాడు. "బండ్లెన్నున్నయో చూసినవా? సీజనయిపోనీ. అప్పుడు నిదానంగ తిను."

సీజనయితే మిల్లు మూతపడుతుంది. మిల్లు మూతపడితే నమలడానికి రొట్టె ఎక్కడిది? భూమవ్వ ఆ మాట అనలేదు. దండం పెట్టకుండా బయటికి వచ్చింది. ఆ సంగతి సగం వాకిలి దాటాక గాని ఆమెకే తోచలేదు. వెనక్కి పోలేదు.

మరునాడు పొద్దున గేటు దగ్గర దశరథం చేతిలో చూర్ణం పొట్లం పెట్టింది.

"ఏందిది?"

"దొర ఇచ్చిండు. నాకన్న నీకే అక్కరున్నది సాబ్. నిన్న నీ తేన్పుకు బండెద్దులు బెదిరినయ్."

అతను తిట్టాలా వద్దా అని చూశాడు. పొట్లం వాసన చూసి జేబులో వేసుకున్నాడు. "గంట యాది మరువకు," అన్నాడు.

పన్నెండున్నరకు భూమవ్వ షెడ్డు గోడ నీడలో కూర్చుని మూట విప్పింది. నర్మద వచ్చి పక్కన చతికిలపడింది. తన రొట్టె మూట విప్పుతూ అంది: "గా పీట నాకొద్దు చిన్నమ్మా. నీ మీదికెళ్లి ఎక్కుడు నాకు మంచిగ అనిపిస్తలేదు."

"పీట ఎక్కుడు తప్పు గాదు పిల్లా. కుక్కుడు తప్పు. తిను."

"ఎట్ల లెక్కవెడుతున్నవో చూపియ్."

భూమవ్వ చూపించింది. నర్మద ఎడమచేయి తెరిచింది. అవతల కూర్చున్నవాళ్లు తొంగి చూశారు. ఎవరో నవ్వారు, ఎవరో "నాకు మూడు వేళ్లే ఉన్నయ్, నాలుగోది మిషనుకిచ్చిన, నాకెన్నొస్తయ్?" అని అడిగారు. పక్కామె "నువ్వు మూడుసార్లు తిప్పు, నాలుగు ఎక్కువైతె మాకియ్యి" అంది. తర్వాత మాటలు తగ్గాయి. నోళ్లు పనిలో పడితే మాటలు ఎక్కడివి?

పట్టా మోగింది.

అలవాటు కొద్దీ సగం మంది మోకాళ్ల మీదికి లేచారు. భూమవ్వ తల ఎత్తలేదు. బొటనవేలు చూపుడువేలు దాటి నడిమివేలి మీదికి పోతోంది. నర్మద లేవలేదు. లేచిన వాళ్లలో ఒకామె మళ్లీ కూర్చుంది. ఇంకొకామె కూర్చుంది. చివరికి నిలబడిన ఇద్దరూ తాము నిలబడి ఉన్నందుకే సిగ్గుపడినట్టు కొంగు సర్దుకుని కూర్చున్నారు.

దశరథం మళ్లీ మూడు కొట్టాడు. ఇంకా మూడు కొట్టాడు. ఈలోగా బెల్టులెక్కించే మనిషి రోజూలాగే వరుసగా పిడులు నెట్టుకుంటూ పోయాడు. ఇరవై నాలుగు మిషన్లూ కదిలాయి. నోట్లో పత్తి లేని మిషను చప్పుడు వేరుగా ఉంటుంది. పండ్లు పండ్లకు కొట్టుకున్నట్టు ఉత్త కత్తులు టకటకలాడాయి. మిల్లులో పనిచేసే ఎవరికైనా ఆ చప్పుడు వింటే ఒళ్లు జలదరిస్తుంది.

జనార్దన్‌రావు ఆఫీసులోంచి బయటికి వచ్చాడు. "ఏమయింది?"

"లేస్తలేరు దొరా," అన్నాడు దశరథం. కడ్డీని ఎక్కడ పెట్టాలో అతనికి తెలియడం లేదు.

దొర నేరుగా భూమవ్వ ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఏందిది భూమవ్వా?"

ఆమె నోట్లో బుక్క ఉంది. తల ఎత్తి, దొర కళ్లలోకి చూసి, ఎడమచేతి చూపుడువేలు పైకెత్తింది.

దొర ఇంకేదో అనబోయి ఆగాడు. ఆమె వేలు దించి, బొటనవేలిని వదిలిన గణుపు మీదికే తీసుకుపోయింది. ఉంగరపువేలు. చిటికెనవేలు. మళ్లీ మొదలు. ఎవరూ కదల్లేదు. గేటు బయట ఒక ఎద్దు మెడ విదిలిస్తే గంటలు మోగాయి. దొర చూపు ఆ వేలి వెంటే పోతోంది. అతని ఎడమచేయి పంచె అంచు దగ్గర వేలాడుతూ ఉంది. దాని బొటనవేలు అతనికి తెలియకుండానే గణుపుల మీద నడుస్తోంది. అది గోడ పక్కన చీపురుతో నిలబడ్డ గంగుబాయి ఒక్కతే చూసింది.

ముప్పై రెండు అయ్యాయి. భూమవ్వ మింగింది.

"కడుపుల పండ్లు లెవ్వు దొరా," అంది. గొంతు పెంచలేదు. "మిషనుకు పిడికెడు పిడికెడే పెట్టుమంటరు. కుక్కితె తోలు కాలుతదని మా ముకద్దం సాబ్ రోజు చెప్తడు. మా లోపలున్నది గూడ తోలే."

నిన్న రోలరులోంచి లాగిన ముద్దను ఆమె పొద్దున్నే పీట మీంచి తెచ్చి మూటలో పెట్టుకుంది. తీసి దొర కాళ్ల ముందు నేల మీద పెట్టింది. గోధుమరంగుది, మాడి గట్టిపడింది.

దొర దాని వైపు చూశాడు. గేటు వైపు చూశాడు. గోడ పొడుగునా కూర్చున్న ఇరవై నలుగురి వైపూ, పక్కన గంప పెట్టుకున్న నర్మద వైపూ చూశాడు. సీజను నడుమ ఇంతమంది చేయి తిరిగినవాళ్లను ఏ ఊరు నుంచి పట్టుకొస్తాడు? నిన్న ఒక్క కొత్త చేయికే ఒక రోలరు తోలు మార్చాల్సి వచ్చింది.

"ఇంకెన్ని బుక్కలున్నయ్?" అని అడిగాడు చివరికి.

భూమవ్వ రొట్టె వైపు చూసుకుంది. "నాకు ఆరున్నయ్. కడమోళ్లయి వాళ్లనే అడుగాలె."

దొర ఎవరినీ అడగలేదు. వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసి, దశరథం పక్కన ఆగాడు. "బెల్టులు దింపుమను. ఉత్తగ తిరిగితె కత్తులరుగుతయ్," అన్నాడు. ఆఫీసులోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పని వేళలో షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండడం ఎవరూ ఎరగరు. రొట్టె నమిలే చప్పుడు కూడా వినబడింది. భూమవ్వ ఆరు బుక్కలూ తింది. వాము నలిపి నర్మదకు సగం ఇచ్చింది. చేయి కడుక్కుని, ఏడో నంబరు పీట ఎక్కి, బెల్టు పడ్డాక మొదటి పిడికెడు పెట్టింది. అది లోపలికి పోయేదాకా ఆగి రెండోది పెట్టింది.

ఆ మరునాడు కూడా పన్నెండున్నరకు పట్టా మోగింది. పావుగంట అయ్యాక దశరథం కడ్డీ పట్టుకుని పట్టా కింద నిలబడ్డాడు. ఆఫీసు కిటికీ వైపు చూశాడు. కిటికీలో ఎవరూ లేరు. ఆడవాళ్ల వైపు చూశాడు. ఎవరూ అతని వైపు చూడడం లేదు. గోడ పొడుగునా ఎడమచేతులు మోకాళ్ల మీద తెరుచుకుని ఉన్నాయి, బొటనవేళ్లు కదులుతున్నాయి.

తర్వాత కడ్డీని గోడకు ఆనించి, తన డబ్బా తెచ్చుకుని, ఆ వరుస చివర గొంతుక్కూర్చున్నాడు. రొట్టె తుంచి నోట్లో వేసుకుని రెండు కొరుకులు కొరికి మింగడానికి మెడ చాచాడు.

"సావ్‌కాష్, సాబ్," అంది గంగుబాయి, చిన్న రోట్లో తన రొట్టె దంచుకుంటూ.

దశరథం గొంతు ఆగింది. బుక్కను మెల్లగా దవడలోకి తెచ్చుకున్నాడు. ఎడమచేయి మోకాలి మీద తెరిచి, మొదటి గణుపు ఎక్కడుందో వెతుక్కున్నాడు.